మగవి లేని పాము, మన విశాఖ పాము

జులైలో రెండు గట్టి వానలు పడ్డాక మేడ మీద కుండీల్లో మట్టి మార్చడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి పక్కన పోసుకుని, ఒక్కో కుండీ బోర్లిస్తూ పోతాను. ఈసారి మందార కుండీ బోర్లిస్తే, వేళ్ల ముద్ద అడుగు నుంచి నల్లగా, నిగనిగలాడుతూ, అగ్గిపుల్ల మందాన, జానెడు కూడా లేని ప్రాణి ఒకటి జారి పడింది. పడీ పడగానే మెలికలు తిరిగి మళ్లీ మట్టిలోకి దూరబోయింది.

బట్టలారేయడానికి వచ్చిన పై వాటా పిన్నిగారు అది చూశారు. "అమ్మాయ్, ఉప్పు చల్లెయ్. చెవిలో దూరుతుందట అది" అన్నారు.

"దూరదు పిన్నిగారూ. వానపాము కాదిది, నిజం పామే. విషం లేదు. చీమల గుడ్లు తిని బతుకుతుంది. ఇంకో సంగతి, వీటిలో మగవి ఉండవు. అన్నీ ఆడవే."

ఆవిడ చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని, "మగది లేకపోతే పిల్లలెలా పుడతాయే?" అన్నారు.

ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్తాను నేను. ఈ ప్రశ్న మా క్లాసులో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. వాళ్లకి అలైంగిక ప్రత్యుత్పత్తి అంటే అమీబా రెండుగా చీలడం, హైడ్రాకి మొగ్గ రావడం, పరీక్షలో రాసే తేడాల పట్టిక. ఎముకలు, ఊపిరితిత్తులు, గుండె ఉన్న జంతువు కూడా ఆ పని చేస్తుందని, అదీ మన మేడ మీద కుండీలో చేస్తుందని వాళ్లు అనుకోరు. పిన్నిగారికి అక్కడ ఎండలో నిలబడి చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు దాన్ని దగ్గరగా చూద్దాం. తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో వేసి భూతద్దం పెట్టి చూశాను. వానపాము ఒంటి మీద ఉంగరాల్లా గీతలుంటాయి, జిగురుగా ఉంటుంది, సాగుతుంది, కుంచించుకుపోతుంది. ఇది సాగదు. ఒళ్లంతా నున్నటి చిన్న చిన్న పొలుసులు, వీపు మీదా పొట్ట కిందా దాదాపు ఒకే సైజు. మామూలు పాముకి పొట్ట కింద ఉండే వెడల్పాటి పట్టీలు దీనికి లేవు. తలా తోకా ఒకే మందం, ఏ కొస ఏదో చప్పున పోల్చుకోలేం. ఓపిగ్గా చూస్తే ఒక కొసన పొలుసు కిందుగా రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవే కళ్లు. వెలుతురు ఉందో లేదో తెలియడానికి తప్ప వాటితో పనిలేదు. ఆ కొస నుంచే వెంట్రుకంత నాలుక బయటికొచ్చి పోతుంటుంది. రెండో కొసన, తోక చివర, బుల్లి ముల్లు ఒకటి ఉంటుంది. వేలి మీద పెట్టుకుంటే ఆ ముల్లుతో గుచ్చి చూస్తుంది గానీ కుట్టినట్టు కూడా ఉండదు. మట్టిలో పట్టు కోసం వాడుకునే ముల్లు అది. నోరు మన గోరు అంచుని కూడా పట్టుకోలేనంత చిన్నది. భయపడటానికి ఇందులో ఏమీ లేదు.

దీని శాస్త్రీయ నామం ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్. గుడ్డి పాముల్లో ఒకటి. ప్రపంచానికి ఇది మొదట పరిచయమైంది మా ఊరి నుంచే. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చాడు. ఆయన తమ్ముడు అప్పుడు ఇక్కడ కంపెనీ అధికారి. రస్సెల్ తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. పాము కాటుకి జనం చచ్చిపోతుంటే ఏది విషప్పామో ఏది కాదో తేల్చాలని, కోరమాండల్ తీరం పాముల్ని సేకరించి, బొమ్మలు వేయించి, 1796లో లండన్‌లో పుస్తకం అచ్చువేయించాడు. ఒక్కో పాము బొమ్మకీ ఇక్కడి మనుషులు చెప్పిన తెలుగు పేరే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇప్పుడు ఇంగ్లీషులో ఆయన పేరుతో పిలిచే రక్తపింజరకి అందులో పేరు ‘కటుక రేకుల పొడ’. మన కుండీ పాముకి ‘రెండు తలల పాము’. ఆ బొమ్మ ఆధారంగానే 1803లో డోడాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. కాబట్టి ఈ జాతికి శాస్త్రం ప్రకారం సొంతూరు విశాఖపట్నం. బీచ్ రోడ్డులో ఎన్నో విగ్రహాలు పెట్టుకున్నాం. ఈ సంగతి చెప్పే చిన్న బోర్డు ఒకటి ఎక్కడైనా ఉంటే నాకు చాలా సంతోషంగా ఉండేది.

(ఇప్పుడు రెండు తలల పాము పేరుతో మోసగాళ్లు లక్షలకి బేరం పెట్టేది దీన్ని కాదు, మట్టి రంగులో లావుగా ఉండే ఇసుక బోవాని. దాన్ని కొనడం, అమ్మడం, పట్టుకోవడం అన్నీ నేరం. అదృష్టం గిదృష్టం ఏమీ రాదు.)

రస్సెల్ తర్వాత సుమారు 180 ఏళ్ల పాటు మ్యూజియాల్లో ఈ పాములు సీసాల నిండా చేరాయి. ఆసియా, ఆఫ్రికా, పసిఫిక్ దీవులు, ఎక్కడెక్కడివో. 1970ల్లో వాటిని వరసపెట్టి కోసి చూసినవాళ్లకి ఒకటే కనిపించింది: అండాశయాలే తప్ప వృషణాలు లేవు. 1980లో సీషెల్స్ దీవుల పాముల మీద వచ్చిన అధ్యయనం కూడా అదే మాట చెప్పింది. 1987లో క్రోమోజోములు, అంటే కణంలో జన్యువుల్ని మోసే పోగులు, లెక్కపెట్టారు. మొత్తం 42. అంటే 14 చొప్పున మూడు సెట్లు. మగ పాము అవసరం లేకుండా, తరం తర్వాత తరం, తల్లి నుంచి కూతురు, కూతురు నుంచి మనవరాలు. పాముల్లో ఎప్పుడూ ఇలాగే బతికే జాతిగా మనకి తెలిసింది ఇదొక్కటే.

ఈ ‘మూడు సెట్లు’ దగ్గర కాసేపు ఆగాలి. కథంతా ఇక్కడే ఉంది.

మనలాంటి జీవులకి క్రోమోజోములు రెండు సెట్లు. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడు క్షయకరణ విభజన జరుగుతుంది. అమ్మ వైపు ఒకటో క్రోమోజోము నాన్న వైపు ఒకటో దాన్ని వెతుక్కుని పక్కన చేరుతుంది. రెండూ కొన్ని ముక్కలు మార్చుకుంటాయి. తర్వాత విడిపోయి చెరో కణంలోకి పోతాయి. అలా సగం సగం అయినవి మళ్లీ కలిస్తేనే పిల్ల. ఇద్దరు తోబుట్టువులు ఒకేలా ఉండకపోవడానికి కారణం ఈ మార్పిడీ, ఏది ఏ కణంలోకి పోతుందో ముందే తేలకపోవడమూ. మూడు సెట్లుంటే ఈ పని కుదరదు. ఒకటి, రెండు జత కట్టాయి, మూడోది ఎటు పోవాలి? కణాలు అడ్డదిడ్డంగా విడిపోతాయి. బతికే అండం తయారు కాదు.

అరటిపండు ఒకటి అడ్డంగా కోసి చూడండి. మధ్యలో ఆవగింజలో సగం కూడా లేని నల్లటి చుక్కలుంటాయి. అవి గింజలు కావాల్సినవి, కాలేకపోయినవి. మనం తినే కర్పూర చక్కెరకేళి, అమృతపాణి, బొంత, ఇప్పుడు అందరూ వేస్తున్న జీ9, అన్నిటికీ 11 చొప్పున మూడు సెట్లు, మొత్తం 33. అడవి అరటి పండులో రాళ్లలాంటి గింజలుంటాయి, గుజ్జు నాలుకకి కూడా అంటదు. మూడు సెట్ల అరటిలో గింజ పోయింది, గుజ్జు మిగిలింది. పాతకాలం మనుషులెవరో అది గమనించి పిలక తీసి నాటుకున్నారు. అప్పటి నుంచీ పిలక నుంచి పిలక. రావులపాలెం మార్కెట్‌లో రోజూ దిగే గెలల్లో ఒక రకంవి అన్నీ కలిపి చూస్తే, జన్యువుల లెక్కలో అవి ఒక్క మొక్కకి కాసినట్టే.

అరటికి పిలక ఉంది కాబట్టి గింజ పోయినా నడిచింది. పాముకి పిలక రాదు. అది గుడ్డే పెట్టాలి. మరి మూడు సెట్లతో గుడ్డెలా పెడుతోంది?

దీని కిటుకు అమెరికాలోని ఒక రకం బల్లుల్లో బాగా తేల్చారు. న్యూమెక్సికో ఎడారుల్లో కొరడాతోక బల్లులుంటాయి. వాటిలోనూ కొన్ని జాతుల్లో అన్నీ ఆడవే. 2010లో కాన్సాస్ సిటీ పరిశోధకులు వాటి అండాశయాల్లో జరిగేది చూపించారు. అండం తయారీ మొదలుకాక ముందే ఆ కణం తన క్రోమోజోముల్ని ఒకసారి అదనంగా రెట్టింపు చేసుకుంటుంది. ఇప్పుడు ప్రతిదానికీ అచ్చంగా అలాంటిదే ఇంకోటి పక్కన ఉంది. జత కట్టేటప్పుడు అమ్మ వైపుది నాన్న వైపుదాన్ని వెతుక్కోదు, తన నకలుతోనే జత కడుతుంది. ముక్కలు మార్చుకున్నా ఇటుదీ అటుదీ ఒకటే గనక ఏ తేడా రాదు. తర్వాత విభజన మామూలుగా జరిగిపోతుంది. చివరికి అండంలో తల్లికి ఎన్ని సెట్లున్నాయో అన్నీ ఉంటాయి. శుక్రకణం తెచ్చిపెట్టాల్సింది ఏమీ మిగలదు. మూడు సెట్లున్న బల్లి కూడా ఇలాగే గుడ్డు పెట్టగలదు. మన పాముకి కూడా మూడు సెట్లే, అదీ గుడ్లే పెడుతుంది. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దవి, ఒక్కసారికి నాలుగైదు, మట్టిలో చెమ్మ ఉన్నచోట.

ఆ బల్లులు మొదట ఎలా పుట్టాయో కూడా తెలుసు. మగా ఆడా ఉన్న రెండు దగ్గరి జాతులు కలిసినప్పుడు పుట్టిన సంకర సంతానం అవి. అంటే లైంగిక ప్రత్యుత్పత్తి నుంచే అలైంగికం పుట్టింది. ఈ మాట నేను క్లాసులో గట్టిగా చెప్తాను. ఎందుకంటే పుస్తకంలో అధ్యాయాల వరస చూసి పిల్లలు ఒక తప్పు అభిప్రాయానికి వస్తారు. మొదట అమీబా, తర్వాత హైడ్రా, తర్వాత కప్ప, చివర మనిషి. దాంతో అలైంగికం అంటే పాతది, తక్కువ రకం, ఎదిగిన జీవులు వదిలేసినది అనుకుంటారు. అది నిజం కాదు. ఈ పాము పూర్వీకుల్లో మగవి ఉండేవి. ఈ పాము వాటిని వదిలేసింది. వెనక్కి పోలేదు, పక్కకి ఇంకో దారి పట్టింది.

‘అండం తయారవుతోంది కదా, మరి ఇది అలైంగికం ఎలా అవుతుంది మేడమ్’ అని చురుకైన పిల్లలు పట్టుకుంటారు. న్యాయమైన ప్రశ్న. అనిషేక జననాన్ని, అంటే ఫలదీకరణ లేకుండా అండం నుంచే పిల్ల పుట్టడాన్ని, ఎటు వైపు పెట్టాలన్న దాని మీద పుస్తకాలే ఒక మాట మీద లేవు. నా వరకు నేను చూసేది ఒకటే: రెండు ప్రాణుల జన్యువులు కలిశాయా లేదా? ఈ పాములో కలవలేదు, కూతురు తల్లికి నకలు, కాబట్టి దీన్ని అలైంగికం వైపే పెడతాను. తేనెటీగల్లో పోతుటీగ కూడా ఫలదీకరణ లేని గుడ్డు నుంచే వస్తుంది గానీ అక్కడ తల్లి అండం సగం అయ్యే వస్తుంది, ఆ పోతుటీగ మళ్లీ రాణితో కలుస్తుంది. ఆ కథ వేరు.

ఇక పిన్నిగారి ప్రశ్నని తిరగేసి అడగాలి. మగది లేకుండా పిల్లలు పుట్టగలిగితే, మరి మిగతా జీవులన్నీ మగవాటిని ఎందుకు మోస్తున్నాయి?

ఇది తేలికగా అనిపించే ప్రశ్న కాదు. లెక్క వేసి చూడండి. ఒక పాము నాలుగు గుడ్లు పెట్టి, అన్నీ బతికాయనుకుందాం. మగా ఆడా ఉన్న జాతిలో ఆ నాలుగింటిలో రెండే కూతుళ్లు. గుడ్లు పెట్టేది కూతుళ్లే గనక తర్వాతి తరంలో నాలుగు, ఆపై తరంలో ఎనిమిది. అన్నీ ఆడవే అయిన జాతిలో నాలుగు, పదహారు, అరవై నాలుగు. మూడు తరాలకే ఎనిమిదికి ఎనిమిదింతలు. పైగా జోడీ వెతుక్కునే శ్రమ లేదు, దానికోసం కొట్లాటలు లేవు. 1970ల్లో జాన్ మేనార్డ్ స్మిత్ అనే పరిణామ శాస్త్రవేత్త ఈ లెక్కని సూటిగా ముందు పెట్టి, ‘మగవాటికి అయ్యే ఈ రెండింతల ఖర్చుని భరించేంత లాభం ఏముంది?’ అని అడిగాడు. పరిణామ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నని ఇప్పటికీ వదల్లేదు.

రెండు జవాబులు నాకు నమ్మకం కలిగిస్తాయి. ఒకటి, నకలు తీస్తూ పోతే తప్పులు పేరుకుంటాయి. పాత రోజుల్లో దస్తావేజుకి చేత్తో నకలు రాసేవారు. అసలు పోయి, నకలుకి నకలు, దానికి నకలు రాసుకుంటూ పోతే ఒకసారి దొర్లిన తప్పు తర్వాత ప్రతిదాంట్లో ఉంటుంది, కొత్తవి దానికి కలుస్తాయి. వేర్వేరు తప్పులున్న రెండు నకళ్లు పక్కపక్కన పెట్టుకున్నప్పుడే సరైన పాఠం మళ్లీ వస్తుంది. లైంగిక ప్రత్యుత్పత్తి చేసేది ఆ పనే. తల్లిలో చెడిన జన్యువు, తండ్రిలో చెడిన జన్యువు వేరు కావచ్చు. కొందరు పిల్లలకి రెండూ వస్తాయి, కొందరికి రెండూ రావు. 1964లో హెర్మన్ ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్త దీన్ని వివరించాడు.

రెండోది రోగాలు. అందరూ ఒకేలా ఉంటే ఒకరిని పడగొట్టిన రోగం అందర్నీ పడగొడుతుంది. న్యూజిలాండ్ చెరువుల్లో ఒక చిన్న నత్త ఉంది. ఒకే జాతిలో మగా ఆడా కలిసి పిల్లల్ని కనేవీ ఉన్నాయి, మగ లేకుండా నకళ్లని కనేవీ ఉన్నాయి. 1980ల్లో కర్టిస్ లైవ్లీ అనే జీవశాస్త్రవేత్త ఎన్నో చెరువుల నత్తల్ని పోల్చి చూశాడు. పరాన్నజీవి పురుగులు ఎక్కువ ఉన్నచోట మగ నత్తలు ఎక్కువ. పురుగుల బెడద లేనిచోట ఆడవే సరిపెట్టుకుంటున్నాయి. నేను చదివినవాటిలో నన్ను ఇంతగా కదిలించిన ఫలితాలు చాలా తక్కువ. మగవాటి ఉనికికి కారణం అడిగితే చెరువు నీళ్లలోంచి ఒక పురుగు జవాబిచ్చింది.

అరటి దగ్గర ఇదే సంగతి డబ్బు రూపంలో కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ప్రపంచ మార్కెట్ అంతా గ్రోస్ మిషెల్ అనే ఒక్క రకం మీద నడిచింది. మట్టిలో ఉండే పనామా తెగులు శిలీంధ్రం దాని వేళ్లకి పట్టింది. ఒక చెట్టుకి తట్టుకునే శక్తి లేదంటే ఏ చెట్టుకీ లేదు. 1950లు, 60ల్లో తోటలకి తోటలే పోయి దాని స్థానంలో కావెండిష్ వచ్చింది (మన జీ9 ఆ రకానిదే). మన దగ్గర అమృతపాణి తగ్గిపోవడానికి కూడా ఆ తెగులే పెద్ద కారణం. ఇప్పుడు కావెండిష్‌ని కూడా పడగొట్టే కొత్త రకం శిలీంధ్రం దేశాలు దాటుతోంది, బిహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లోకీ వచ్చింది. మంచి రకం దొరికితే నకళ్లు తీసుకోవడం రైతుకి వరం. తట్టుకునే కొత్త రకం కావాలంటే మాత్రం ఎక్కడో గింజ పుట్టాల్సిందే. మూడు సెట్ల అరటిలో ఆ గింజ కోసం శాస్త్రవేత్తలు చేత్తో పుప్పొడి అద్ది, వందల గెలలు పిసికి వెతుకుతున్నారు.

రెండు దారుల్నీ వాడుకునే జీవి కూడా మా మేడ మీదే ఉంది. చలికాలంలో చిక్కుడు పాదుకి పట్టే పేనుబంక. లేత కొసన నల్లగా గుంపుగా అతుక్కుని ఉంటుంది. భూతద్దంలో కాసేపు కదలకుండా చూస్తే ఒక పురుగు వెనక నుంచి పిల్ల పురుగు, కాళ్లు ముడుచుకుని, వెనకడుగుతో బయటికి రావడం కనిపిస్తుంది. గుడ్డు కాదు, పిల్ల. మగది లేకుండా. పుట్టే ఆ కూతురి కడుపులో అప్పటికే మనవరాలు పెరగడం మొదలై ఉంటుంది. చలి దేశాల్లో ఆకురాలే కాలం రాగానే ఈ పేనుబంకలే మగవాటిని కంటాయి, కలుస్తాయి, మంచుని తట్టుకునే గుడ్లు పెడతాయి. మన వేడి ఊళ్లలో ఆ అవసరం దాదాపు రాదు, ఏడాదంతా కూతుళ్లే. రాత్రికి రాత్రి పాదు అంతా నల్లబడిపోవడానికి కారణం ఇదే. వేపనూనె కొట్టాల్సిన పని కూడా ఇందుకే పదేపదే వస్తుంది.

పిట్టగోడ మీద వానాకాలం పట్టే నాచు పిండి మైక్రోస్కోపు కింద పెడితే బ్డెల్లాయిడ్ రోటిఫెర్లు అనే కంటికి కనపడనంత చిన్న జంతువులు కనిపిస్తాయి. కోట్ల ఏళ్లుగా బతుకుతున్న ఈ గుంపులో ఇంతవరకూ ఎవరికీ ఒక్క మగది కనిపించలేదు. నాచు ఎండితే ఇవీ ఎండిపోతాయి, తడిస్తే లేస్తాయి. వేరే జీవుల జన్యువుల్ని కూడా తమలో కలుపుకున్నాయని వీటి జన్యు పరిశీలనలో తేలింది. నకళ్లు తీసేవన్నీ తొందరగా అంతరిస్తాయని తీర్పు చెప్పేయకుండా ఆపేవి ఇవి.

ఇక, మామూలుగా మగా ఆడా కలిసే జాతిలో ఎప్పుడో ఒక్కసారి ఇలా జరగడం. 2006లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమొడో డ్రాగన్ (ఉడుము జాతి పెద్ద బల్లి), మగదాని ముఖం చూడకుండానే, బతికే గుడ్లు పెట్టింది. పిల్లలన్నీ మగవే. 2021లో కాలిఫోర్నియా కాండర్ రాబందుల జన్యువులు పరీక్షిస్తుంటే రెండు పిల్లలకి తండ్రి లేడని బయటపడింది. వాటి తల్లుల పక్కన మగ పక్షులున్నాయి, అయినా సరే. అవీ రెండూ మగవే.

మన కుండీ పాములో అన్నీ ఆడవైతే, వీటిలో అన్నీ మగవెందుకు? పక్షుల్లో, కొమొడోల్లో ఆడదానికి జడ్, డబ్ల్యూ అని రెండు రకాల లింగ క్రోమోజోములు, మగదానికి రెండు జడ్‌లు. వీటి తల్లి అండంలో ఒక్క సెట్టే ఉంటుంది, అదే రెట్టింపవుతుంది. రెండు జడ్‌లైతే మగ పిల్ల, రెండు డబ్ల్యూలైతే పిండం బతకదు. కుండీ పాము సగం చేసుకోకుండా అంతా పంపిస్తుంది గనక తల్లి ఎలాగో కూతురూ అలాగే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. పక్షుల్లో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి అండం. మనుషుల్లో తేల్చేది తండ్రి శుక్రకణం. ఈ పాఠం పదో తరగతి చదివిన ప్రతి ఒక్కరూ రాసి మార్కులు తెచ్చుకున్నారు. అయినా రెండో కాన్పులో కూడా ఆడపిల్ల పుట్టిందని కోడల్ని ఆడిపోసుకునే ఇళ్లు నాకు తెలుసు. బాగా చదువుకున్నవాళ్ల ఇళ్లే. క్రోమోజోముల బొమ్మ బోర్డు మీద గీసినప్పుడల్లా ఆడపిల్లల బెంచీల వైపు తిరిగి ఈ వాక్యం రెండుసార్లు చెప్తాను.

ఫారం కోడిగుడ్డు సంగతి కూడా చాలామంది అడుగుతారు. పుంజు లేకుండానే ఆ గుడ్లు వస్తాయి, నిజమే. కానీ అది పొదిగినా పిల్ల కాదు, అందులో ఒక్క సెట్టే ఉంది. అమెరికాలో బెల్ట్స్‌విల్లే అనేచోట 1950ల్లో టర్కీ కోళ్లలో మాత్రం పుంజు కలవని గుడ్లలోంచి కొన్ని పిల్లలు నిజంగానే వచ్చాయి. అవీ మగవే, కారణం పైన చెప్పినదే.

మరి మనుషుల్లో? కుదరదు. క్షీరదాల్లో కొన్ని జన్యువులకి అమ్మ నుంచి వచ్చినదా నాన్న నుంచి వచ్చినదా అని రసాయన ముద్ర ఉంటుంది. కొన్ని అమ్మ నుంచి వస్తేనే పనిచేస్తాయి, కొన్ని నాన్న నుంచి వస్తేనే. అమ్మ నుంచే రెండు సెట్లూ వస్తే పిండానికి మాయ సరిగా పెరగదు, పిండం నిలవదు. 2004లో జపాన్‌లో రెండు అమ్మల అండాలతో ఒక ఎలుక పిల్లని పుట్టించారు. అందుకోసం ముద్రకి సంబంధించిన జన్యువుని ముందే మార్చాల్సి వచ్చింది, వందల అండాలతో ప్రయత్నిస్తే పెరిగి పెద్దదైంది ఒక్కటే. బల్లి, పాము, సొర చేప, పక్షి చేసిన పని క్షీరదం దానంతట అది చేయలేకపోవడానికి అడ్డం ఈ ముద్రే.

మళ్లీ కుండీ దగ్గరికి వస్తే, దీన్ని ఇంగ్లీషులో పూలకుండీ పాము అనే పిలుస్తారు. మొక్కల మట్టిలో దాక్కుని ఓడలెక్కి, విమానాలెక్కి ప్రపంచమంతా తిరిగింది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లో ఉంది. సొంతంగా నేల పాములే లేని హవాయి దీవుల్లో 1930 ప్రాంతంలో కనిపించింది. 1970ల చివర ఫ్లోరిడా చేరింది. వేరే పాము కొత్త ఊళ్లో నిలదొక్కుకోవాలంటే కనీసం ఒక జంట ఉండాలి, లేదా కడుపుతో ఉన్న ఆడది చేరాలి, తర్వాత దాని పిల్లలకి జోడీ దొరకాలి. దీనికి ఒక్క పాము, ఒక్క కుండీ చాలు. కొత్త చోటుకి ఒంటరిగా చేరినప్పుడు మగ అక్కర్లేకపోవడం ఎంత పెద్ద బలమో ఇంతకన్నా బాగా చూపించే జంతువు నాకు తెలియదు. మన గోదావరి, కృష్ణా కాలవల్ని కప్పేసే గుర్రపు డెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఇలాగే, ఎక్కువగా పిలకలతోనే పరుచుకుంది. తేడా ఏమిటంటే గుర్రపు డెక్క కాలవని ఊపిరాడనివ్వదు. ఈ పాము చీమల గుడ్లు, చెదల పిల్లలు తిని ఊరుకుంటుంది.

కాబట్టి ఉప్పు వద్దు, కిరసనాయిలు వద్దు. కుండీ మార్చేటప్పుడు కనిపిస్తే చెంచాతో ఎత్తి చెమ్మగా ఉన్న మట్టి మీద పెడితే క్షణంలో లోపలికి పోతుంది. వీలైతే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఊరు పేరు, తేదీ రాసి, జీవుల ఫొటోలు అందరూ పంచుకునే వెబ్‌సైటు ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా, అటు హైదరాబాద్, వరంగల్ వైపు కూడా, చూసినవాళ్లు కామెంట్లో చెప్పండి. ఏ నెలలో, ఏ మొక్క కుండీలో, పక్కన చీమల పుట్ట ఉందా లేదా అన్నది కూడా రాస్తే వచ్చే ఏడాది మా సెకండియర్ పిల్లలతో వాటిని మ్యాపు మీద పెట్టిస్తాను.